ఏడిపించని ఉల్లిగడ్డ ఉందా? రకాలను పొలంలో పోల్చి చూసే పద్ధతి



మెస్సులో ఉల్లిగడ్డలు కోసే డ్యూటీ పడిన వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "కోస్తే కండ్లల్ల నీళ్లు రాని ఉల్లిగడ్డ ఉంటదా? ఉంటే మనకు అదే ఎందుకు తెప్పియ్యరు?" ఇది నవ్వులాటకు అడిగిన ప్రశ్నే. కానీ దీనికి జవాబు వెతుకుతూ పోతే సైన్సు వచ్చింది, లెక్కలు వచ్చినయి, భూగోళం కూడా వచ్చింది. చివరికి మా ఇంటి కష్టం కూడా అందులోనే దొరికింది. లైబ్రరీలో చదివినవి, సైన్స్ మేడంను అడిగి తెలుసుకున్నవి కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. లైన్‌లో నిలబడినప్పుడు కొంత కొంత చదువుకోండి.

1. కండ్లల్ల నీళ్లు ఎందుకు వస్తయి?

ఉల్లిగడ్డ నేలలోంచి గంధకాన్ని పీల్చుకుంటుంది. ఆ గంధకంతో కొన్ని పదార్థాలు తయారుచేసి తన కణాలలో దాచుకుంటుంది. అదే కణంలో ఇంకో గదిలో అల్లినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గడ్డ మంచిగ ఉన్నంత సేపు ఈ రెండూ కలవవు. అందుకే కోయని ఉల్లిగడ్డను కండ్ల దగ్గర పెట్టుకున్నా ఏమీ కాదు.

కత్తి పెట్టగానే కణాలు పగులుతాయి. గదుల మధ్య గోడలు కూలి రెండూ కలుస్తాయి. ఇంకో ఎంజైమ్ కూడా పనిచేసి ఒక వాయువు పుడుతుంది. దాని పేరు సిన్-ప్రొపేన్‌థయల్-ఎస్-ఆక్సైడ్. నోరు తిరగని పేరు. అది గాలిలో లేచి కంటి తడిలో కలిసి మండిస్తుంది. మంటను కడిగెయ్యడానికి కన్ను నీళ్లు వదులుతుంది. ఆ రెండో ఎంజైమ్ సంగతిని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. 2013లో వాళ్లకు ఇగ్ నోబెల్ అనే బహుమతి ఇచ్చారు. మొదట నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. చూడండి, మెస్సులో మనం అడిగే ప్రశ్నకు కూడా బహుమతి వస్తుంది!

ఉల్లిగడ్డ ఇదంతా మనల్ని ఏడిపించడానికి చెయ్యదు. పురుగు కొరికితే, జంతువు తవ్వితే తనను తాను కాపాడుకునే ఆయుధం అది.

2. తియ్య ఉల్లి అంటే చక్కెర ఎక్కువ ఉన్నది కాదు

నేను మొదట తియ్య ఉల్లిలో చక్కెర ఎక్కువ ఉంటదేమో అనుకున్న. అసలు సంగతి వేరే. ఘాటు ఉల్లిలో కూడా చక్కెర ఉంటుంది. ఒక్కోసారి తియ్య ఉల్లిలో కంటే ఎక్కువే ఉంటుంది. కానీ ఘాటు ముందు వచ్చి నాలుకను పట్టుకుంటే తీపి తెలియదు. డప్పు కొట్టే చోట పిల్లనగ్రోవి వినబడనట్టు. ఘాటు తక్కువైతే, ఉన్న తీపి తెలుస్తుంది. అదే తియ్య ఉల్లి. మనం ఉల్లిగడ్డను నూనెలో బాగా వేయిస్తే తియ్యగా అవుతుంది కదా. అందులో ఉన్న తీపి ఘాటు పోయినంక బయటపడుతుంది.

ఘాటును కొలిచే పద్ధతి కూడా ఉంది. గడ్డను నలిపినప్పుడు ఆ ఎంజైమ్ పనిచేస్తే పైరువిక్ ఆమ్లం అనేది కూడా పుడుతుంది. అది ఎంత పుట్టిందో చూస్తే ఘాటు ఎంతో తెలుస్తుంది. ఈ పద్ధతిని 1961 నుంచి వాడుతున్నారు. ఒక గ్రాము ఉల్లిలో అది 5 మైక్రోమోల్‌ల కంటే తక్కువ ఉంటే తియ్య ఉల్లి కింద లెక్క పెడతారు. బాగా ఘాటైన గడ్డల్లో 10 కూడా దాటుతుంది. నాలుక ఒక్కొక్కరికి ఒక్కో తీరు చెబుతుంది. ఈ అంకె మాత్రం ఎవరు కొలిచినా ఒకటే రావాలి.

3. తియ్య ఉల్లితో పేరు తెచ్చుకున్న ఊరు

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో విడాలియా అనే చిన్న పట్నం ఉంది. 1931లో మోజ్ కోల్‌మన్ అనే రైతు అక్కడ ఉల్లి పండించాడు. గడ్డలు ఘాటు లేకుండా తియ్యగా వచ్చినయి. అక్కడి నేల ఇసుక నేల, గంధకం చాలా తక్కువ. ఉన్న కొంచెం గంధకం కూడా వానకు కిందికి కొట్టుకుపోతుంది. గంధకం లేకపోతే ఘాటు ఎట్ల వస్తది?

పేరు వచ్చినంక వేరే ప్రాంతాల గడ్డలను కూడా ఆ పేరుతో అమ్మడం మొదలైంది. అందుకే 1986లో జార్జియా ప్రభుత్వం చట్టం చేసింది. దాని ప్రకారం 20 కౌంటీల ప్రాంతంలో పండిన గడ్డనే విడాలియా ఉల్లి అని అమ్మాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. రకం కూడా ఏది పడితే అది పనికిరాదు. జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు రకరకాల విత్తనాలను ఒకే పొలంలో పక్కపక్కన పెట్టి, ఏది ఎంత పండింది, ఎంత ఘాటుంది అని ఏటా పోల్చి చూస్తారు. కంపెనీ "మా విత్తనం తియ్యన" అంటే ఒప్పుకోరు. పొలంలో తేలాలి.

ఈ ముక్క దగ్గరే నేను ఆగి చాలాసేపు ఆలోచించిన. ఎందుకో కింద చెబుతాను.

4. మన దిక్కు ఉల్లిగడ్డలు

నాగోల్ గల్లీల్లో మైకు పెట్టుకొని ట్రాలీ ఆటోలు వస్తయి కదా, "ఉల్లిగడ్డా... ఉల్లిగడ్డా..." అనుకుంటూ. ఆ గడ్డలన్నీ ఒక్కటే అనుకుంటాం. దిల్‌సుఖ్‌నగర్ దాటి పోతే మలక్‌పేట మార్కెట్ వస్తుంది. హైదరాబాద్‌లో ఉల్లిగడ్డల పెద్ద మార్కెట్ అదే. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి, కర్నూలు నుంచి, మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి లారీలు వస్తయి. రంగు, సైజు, పొర, ఘాటు అన్నీ వేరువేరు.

కొన్ని రకాల పేర్లు రాస్తున్నాను. ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ వానాకాలం పంటకు పెట్టే ఎర్ర రకాలు. అగ్రిఫౌండ్ లైట్ రెడ్ యాసంగి రకం, నిల్వకు మంచిది. భీమా శక్తి, భీమా కిరణ్ కూడా యాసంగికి పెడతారు. ఈ భీమా రకాలను తయారుచేసింది మహారాష్ట్రలో పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లో ఉన్న ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ. అది 1994లో జాతీయ పరిశోధన కేంద్రంగా మొదలైంది. బెంగళూరు పరిశోధన సంస్థ వాళ్లు అర్కా కల్యాణ్, అర్కా నికేతన్, పసుపు రంగు గడ్డ వచ్చే అర్కా పీతాంబర్ తయారుచేశారు. కడప జిల్లాలో కృష్ణాపురం ఉల్లి అని చిన్న గడ్డ ఉంది. బాగా ఘాటు. దాన్ని వేరే దేశాలకు పంపుతారు. దానికి సరిగ్గా ఎదురు మహారాష్ట్రలోని అలీబాగ్ తెల్ల ఉల్లి. అది తియ్యదనానికి పేరు పడ్డది, దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది.

ఒక మాట గుర్తు పెట్టుకోండి. తెల్లగా ఉన్న ప్రతి గడ్డా తియ్యగా ఉండదు. ఎండబెట్టి పొడి చేయడానికి పెంచే తెల్ల రకాలు చాలా ఘాటుగా ఉంటాయి. రంగును చూసి రుచి చెప్పలేం.

5. మా బాపు పొలంలో ఏమైంది

మా ఊరు ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు దిక్కు. మేము గోండులం. పత్తి, జొన్న, కంది వేస్తాం. వాగు పక్కన మాకు అర ఎకరం ఉంది. అక్కడ యాసంగిలో నీళ్లు అందుతాయి. రెండేండ్ల కింద మా బాపు దాంట్లో ఉల్లి పెట్టిండు. ఒక షాపులో విత్తనం ఇచ్చినాయన "ఇది నంబర్ వన్, ఎప్పుడు పెట్టినా పండుతది" అన్నడట. పెట్టుబడికి మా అవ్వ వెండి కడియాలు షావుకారు దగ్గర పెట్టినం.

నారు మంచిగనే వచ్చింది. నాటు వేసినం. సంక్రాంతికి చలి గట్టిగ పడ్డది. తర్వాత చూస్తే మొక్క మొక్కకు నడుమ నుంచి పూతకాడ లేచింది. పూతకాడ వస్తే గడ్డకు పోవాల్సిన బలం పూతకు పోతది. లోపల గట్టి కాడ ఉండి గడ్డ కుళ్లుతది. పూత రాని వాటిలో కూడా చాలా జోడు గడ్డలే, అంటే ఒక్కటి కావాల్సింది రెండుగ చీలింది. ఇంద్రవెల్లి అంగడిలో జోడు గడ్డలను సగం ధరకు అడిగిన్రు. ఇంట్ల పెట్టుకున్నవి వానల్లోపే మొలకలొచ్చినయి. కడియాలు ఇంకా షావుకారు దగ్గరనే ఉన్నయి.

మా ఇంట్ల అందరూ "కాలం మంచిగ లేదు" అనుకున్నరు. మా అవ్వ, బాపు చదువుకోలేదు. ఎండకాలం సెలవులకు పోయినప్పుడు ఆ ఖాళీ ప్యాకెట్ ఇంటి కప్పులో చెక్కి ఉంటే తీసి చదివిన. చిన్న ఇంగ్లీష్ అక్షరాలతో "ఖరీఫ్ పంటకు" అని రాసి ఉంది. ఖరీఫ్ అంటే వానాకాలం. యాసంగిలో పెట్టే రకం కాదు అది. చదివి చెబితే బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గింత చిన్నగ రాస్తరా బిడ్డా" అన్నడు.

తప్పు చలిది కాదు, బాపుది కాదు. ఉల్లి మొక్క కొంచెం లావైనంక గట్టి చలి చాలా రోజులు తగిలితే, అది చలికాలం అయిపోయిందనుకొని పూతకు వస్తుంది. కొన్ని రకాలు చలికి తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. వానాకాలం రకాలను యాసంగిలో పెడితే పూతకాడలు, జోడు గడ్డలు ఎక్కువ. తెలంగాణలో బాగా చలి పడేది మా ఆదిలాబాద్‌లోనే. మరి అట్లాంటి చోట ఏ రకం నిలుస్తదో ముందే ఎట్ల తెలుసుకోవాలి? దానికి జవాబే పొలం ట్రయల్.

6. పొలం ట్రయల్ ఎట్ల పెడతరు?

రెండు రకాలు ఉన్నయనుకోండి. క రకం, గ రకం. ఒక మడిలో క, ఇంకో మడిలో గ పెట్టినం. క 12 కిలోలు, గ 10 కిలోలు వచ్చింది. క గెలిచినట్టేనా?

కాదు. క పెట్టిన మడి కాలువ పక్కన ఉండొచ్చు. అక్కడ పోయినేడు ఎరువు కుప్ప ఉండొచ్చు. అప్పుడు గెలిచింది మడి, రకం కాదు. దీన్ని తప్పించుకోవడానికి మూడు పనులు చేస్తారు.

మొదటిది: తిరిగి తిరిగి పెట్టడం. ఒక్కో రకాన్ని ఒక్క మడిలో కాకుండా కనీసం మూడు మడుల్లో పెడతారు.

రెండోది: పొలాన్ని పట్టీలుగా విడగొట్టడం. నీళ్లకు దగ్గర పట్టీ ఒకటి, నడుమ పట్టీ ఒకటి, చివరి పట్టీ ఒకటి. ప్రతి పట్టీలో అన్ని రకాలూ ఉండాలి. మంచి నేలలో అందరూ ఉంటారు, చెడ్డ నేలలో కూడా అందరూ ఉంటారు. అప్పుడు పోటీ సరిసమానం.

మూడోది: చీటీలు వేయడం. పట్టీలో ఏ మడికి ఏ రకం అన్నది మనిషి ఇష్టంగా నిర్ణయించొద్దు. చీటీ తీసి వచ్చింది పెట్టాలి. లేకుంటే మనకు తెలియకుండానే ఇష్టమైన రకానికి మంచి చోటు ఇస్తాం.

ఇప్పుడు మళ్లీ లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకు నేను అనుకున్న అంకెలు.

మొదటి పట్టీ: క 12, గ 10.
రెండో పట్టీ: క 8, గ 9.
మూడో పట్టీ: క 7, గ 11.

క మొత్తం 27, సరాసరి 9 కిలోలు. గ మొత్తం 30, సరాసరి 10 కిలోలు. ఒక్క మడి చూసినప్పుడు గెలిచిన క ఇప్పుడు వెనకబడింది.

అయితే గ గెలిచిందని ఎగరొద్దు. క ఒకచోట 12, ఒకచోట 7 వచ్చింది. ఒకే రకానికే 5 కిలోల తేడా ఉంటే, రెండు రకాల నడుమ 1 కిలో తేడా నిజమైనదా, వట్టిగనే వచ్చిందా? దీన్ని తేల్చడానికి క్రిటికల్ డిఫరెన్స్ అనే లెక్క ఉంది. రకాల మధ్య తేడా ఆ అంకె కంటే ఎక్కువ ఉంటేనే నమ్ముతారు. లేకుంటే రెండూ సమానమే అంటారు.

ఈ పద్ధతులను బాగా అభివృద్ధి చేసినాయన ఇంగ్లండ్‌కు చెందిన రోనాల్డ్ ఫిషర్. ఆయన 1919లో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరి, ఎన్నో ఏండ్ల పంట లెక్కలు చూసి ఈ శాస్త్రం తయారుచేశాడు. 1935లో ప్రయోగాలు ఎట్ల పెట్టాలో ఒక పుస్తకం రాశాడు. ఆయన దగ్గర కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేసింది మన తెలుగాయనే, సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తాలో స్టాటిస్టిక్స్ నేర్చుకొని, 1948లో డాక్టరేట్ తీసుకున్నారు. 2023లో 102 ఏండ్ల వయసులో చనిపోయారు. మన హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరు మీద ఒక గణిత సంస్థ ఉంది. లెక్కలు ఎందుకు పనికొస్తయి అని అడిగే వాళ్లకు ఇది నా జవాబు.

7. ట్రయల్‌లో ఏమేమి చూస్తారు?

బరువు ఒక్కటే కాదు. ఉల్లికి చూసేవి ఇవి:

• వంద మొక్కల్లో ఎన్ని బతికినయి.
• ఎన్నిటికి పూతకాడ వచ్చింది.
• ఎన్ని జోడు గడ్డలు.
• నాటిన ఎన్ని రోజులకు ఆకుల మెడ వాలింది. సగం మొక్కలు వాలితే గడ్డ తయారైనట్టు.
• పెద్దవి, నడిమివి, చిన్నవి వేరు చేసి ఒక్కోదాని బరువు.
• ఆకు మచ్చ తెగులు, పురుగు ఎంత.
• ఘాటు అంకె.
• మూడు, నాలుగు నెలలు నిల్వ పెడితే ఎన్ని కుళ్లినయి, ఎన్ని మొలిచినయి.

అన్ని మడులకు ఒకే రోజు నాటు, ఒకే ఎరువు, ఒకే నీళ్లు, ఒకే ఎడం ఉండాలి. సాళ్ల నడుమ 15 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 10 సెంటీమీటర్లు పెడతారు. మడి అంచున ఉన్న మొక్కలను లెక్కలోకి తీసుకోరు. వాటికి ఎండ, జాగ ఎక్కువ దొరికి పెద్దగా వస్తాయి కాబట్టి.

8. ఒక ఊరిలో గెలిచిన రకం ఇంకో ఊరిలో గెలుస్తదా?

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన సంగతి.

మొదటి కారణం పగటి పొడవు. ఉల్లి మొక్క పగలు ఎన్ని గంటలుందో పసిగడుతుంది. పగలు కొంత పొడుగైతేనే గడ్డ ఊరడం మొదలుపెడుతుంది. మన దేశం రకాలకు 11, 12 గంటల పగలు చాలు. చల్లని ఉత్తర దేశాల రకాలకు 14 గంటలైనా కావాలి. హైదరాబాద్‌లో ఎండకాలంలో అన్నిటికంటే పొడుగు పగలు కూడా 13 గంటలకు కొంచెం ఎక్కువ అంతే. అమెరికాలో వాలావాలా అనే పేరున్న తియ్య ఉల్లి ఉంది. దాని విత్తనం తెచ్చి నాగోల్‌లో పెడితే ఆకులే వస్తయి, గడ్డ రాదు. ఎంత మంచి విత్తనమైనా మన సూర్యుడు దానికి సరిపోడు.

రెండో కారణం నేల. విడాలియా విత్తనం మన దిక్కు మొలిచి గడ్డ వచ్చినా, నేలలో గంధకం ఎక్కువుంటే ఘాటు పెరుగుతుంది. మన దగ్గర వేసే సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో గంధకం ఉంటుంది. ఉల్లి దిగుబడికి అది మంచిదే, కానీ తియ్యదనానికి కాదు. నీళ్లు తక్కువై, ఎండ ఎక్కువైనా ఘాటు పెరుగుతుంది. అంటే తీపి విత్తనంలో సగం, నేలలో సగం ఉందన్నమాట.

మూడో కారణం చలి. అది మా బాపు పొలంలో చూసినం.

అందుకే మన దేశంలో ఉల్లి, వెల్లుల్లి కోసం అఖిల భారత నెట్‌వర్క్ ప్రాజెక్టు ఉంది. కొత్త రకాన్ని చాలా రాష్ట్రాల్లో పెడతారు. మొదటి ఏడు తొలి పరీక్ష, నిలిచిన వాటికి తర్వాత రెండేండ్లు పెద్ద పరీక్ష. మన లెక్కనే: యూనిట్ టెస్ట్, అర్ధ సంవత్సరం, వార్షికం! ఒక్క ఏడు చూసి నమ్మితే ఆ ఏటి వాన, ఆ ఏటి చలి గెలిపించిందేమో తెలియదు. మన హైదరాబాద్‌లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ ట్రయల్ పొలాలున్నయి. అయితే రాజేంద్రనగర్ చలి వేరు, ఉట్నూరు చలి వేరు. అక్కడ పాసైన రకం మా వాగు పక్కన కూడా పాసవుతుందని చూడకుండా చెప్పొద్దు.

9. తియ్య ఉల్లికి ఉన్న లోటు

మరి మెస్సుకు తియ్య ఉల్లి ఎందుకు తెప్పియ్యరు? తియ్య ఉల్లిలో నీరు ఎక్కువ, గట్టి పదార్థం తక్కువ. పొర పలుచన. తొందరగా కుళ్లుతుంది. చల్లని గోదాములున్న దేశంలో నడుస్తుంది. మనం బస్తాలు తెచ్చి స్టోర్ రూంలో పెడతాం. ఘాటు గడ్డ నెలలు నిలుస్తుంది. పైగా మన కూరకు, చారుకు ఘాటే రుచి. తియ్య ఉల్లి పచ్చిగా తినడానికి, జొన్నరొట్టెతో కొరుక్కోవడానికి బాగుంటుంది.

మా బాపు లాంటి రైతుకు కూడా ఇదే లెక్క. "ఏది మంచి రకం?" అని అడిగితే జవాబు లేదు. "దేనికి మంచిది, ఎక్కడ మంచిది, ఏ కాలంలో మంచిది?" అని అడగాలి. ధర పడిపోయినప్పుడు నాలుగు నెలలు ఆగి అమ్ముకోగల గడ్డ మాకు కావాలి. తీపి రెండోది.

10. మనం ఏం చేయవచ్చు?

ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు చెప్పవలసినవి:

• విత్తనం ప్యాకెట్ మీద రకం పేరు, లాట్ నంబర్, మొలక శాతం, గడువు తేదీ మనమే చదివి చెప్పాలి. 1966 విత్తన చట్టం ఉంది. ధృవీకరించిన విత్తనానికి నీలం ట్యాగ్ ఉంటుంది. ఉల్లికి మొలక కనీసం 70 శాతం ఉండాలి.
• ఏ కాలానికి అని రాసిందో తప్పక చూడాలి.
• బిల్లు తీసుకోవాలి. ప్యాకెట్, బిల్లు, కొంచెం విత్తనం పంట అయ్యేదాంక దాచాలి. నష్టం జరిగితే వ్యవసాయ అధికారికి చూపించడానికి అవే సాక్ష్యం.
• ఉల్లి విత్తనం ఏడాదికే బలం తగ్గుతుంది. నారు పోసే ముందు 100 గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టి, ఆరకుండా చూసి, 12 రోజులకు ఎన్ని మొలిచినయో చూడాలి. దీనికి ఖర్చు ఏమీ లేదు.
• పొలమంతా కొత్త రకం పెట్టొద్దు. ఒక మూలన రెండు మూడు రకాలు, మూడు మూడు చోట్ల చిన్న మడుల్లో పెట్టి చూసి, మరుసటి ఏడు పెంచాలి. కడియాలు కుదువ పెట్టే ముందు గుప్పెడు విత్తనంతో చూసుకోవడం మంచిది కదా.

మన హాస్టల్‌లో చేయగలిగింది:

బట్టలు ఆరేసే తీగల వెనక, ప్రహరీ గోడ పక్కన ఖాళీ జాగ ఉంది. నేను అడుగులతో కొలిచిన. మీటరు పొడవు, మీటరు వెడల్పు మడులు 12 పడుతయి. నాలుగు రకాలు, మూడు పట్టీలు. మడికి 60 మొక్కలు, మొత్తం 720. గోడ నీడ సాయంత్రం ఒక దిక్కు పడుతుంది కాబట్టి, గోడ దగ్గర ఒక పట్టీ, నడుమ ఒకటి, దూరంగా ఒకటి పెట్టాలి. అక్కడ కట్టడం పనులప్పుడు పోసిన మట్టి ఉంది, ఒక్కో చోట ఒక్కో తీరు. అందుకే చీటీలు వేయాలి. అక్టోబరులో నారు పోస్తే డిసెంబరులో నాటవచ్చు. వార్షిక పరీక్షలు, సెలవుల నాటికి గడ్డ చేతికొస్తుంది. స్నానాల నీళ్లలో సబ్బు ఉంటుంది, అవి వద్దు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మెస్సు నుంచి రోజూ పారబోస్తున్నం, అవి చాలు.

రుచి చూడటం కూడా పద్ధతిగా చేద్దాం. గడ్డల మీద రకం పేరు ఉండొద్దు, నంబర్ ఉండాలి. నడుమ ముక్కే అందరికీ ఇవ్వాలి. ఒకటి తిన్నంక నీళ్లు తాగి, ఒక ముద్ద ఉత్త అన్నం తిని ఇంకోటి తినాలి. ఒక్కొక్కరికి వరుస మార్చి ఇవ్వాలి, ఎందుకంటే మొదటి ఘాటుకు నాలుక మొద్దుబారుతుంది. 1 నుంచి 5 దాంక మార్కులు. పక్కనోళ్ల కాగితం చూడొద్దు!

వార్డెన్ మేడం గారికి మనవి: ఆ జాగ మాకు ఇప్పించండి. ఒక్క రకం పేరు తెలిసినా ఫలితమే, ఏ రకమూ పనికిరాలేదని తెలిసినా ఫలితమే. పూతకాడలు ఎన్ని, జోడు గడ్డలు ఎన్ని అన్నది పట్టిక వేసి ఇదే గోడ మీద అంటిస్తాం. ఆ పట్టికను నేను రెండు కాపీలు రాస్తాను. ఒకటి గోడకు, ఒకటి మా బాపుకు. ఆయనకు చదవరాదు, నేను చదివి వినిపిస్తాను. తర్వాత మా వాగు పక్కన అవే రకాలతో చిన్న మడులు పెట్టి, మా చలిలో ఏది నిలుస్తదో చూస్తాం.

ట్రయల్‌లో చేరాలనుకునే వాళ్లు కింద ఖాళీలో పేరు, తరగతి రాయండి. చీటీలు తీయడానికి ఆరో తరగతి చెల్లెళ్లు కావాలి. మీ ఊరిలో ఏ ఉల్లి పెడతారో, పూతకాడ వస్తదో రాదో కూడా రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని